మరక పడని టేపు

"మెల్లగా లాగండి, చిరిగిపోద్ది," అంది భార్య.

గోడ మీద నాలుగు వాషి టేపు ముక్కలు, పూల బొమ్మల కాగితపు పట్టీలు, మెట్లలా ఒకదానిపైన ఒకటి ఉన్నాయి. ప్రతి పుట్టినరోజుకీ పాపను నిలబెట్టి, తల తాకినచోట అతికించినవి. ఐదో పుట్టినరోజు రాకుండానే జ్వరం పాపను ఎత్తుకుపోయింది.

ఇప్పుడు ఇల్లు ఖాళీ చేస్తున్నారు. భర్త నాలుగూ ఒలిచి ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె గోడంతా తడిమి చూసింది.

"గుర్తే లేదేంటండీ?"

"పెన్సిల్ గీతలైతే ఓనరమ్మ ఊరుకోదని నేనే ఏరి కొన్నాను. మరక పడదన్నాడు షాపువాడు."

ఆ సాయంత్రమే, నెలల తర్వాత ఊరినుంచి దిగిన ఓనరమ్మ తాళంచెవి కోసం వచ్చి, గోడలు చూసి మురిసిపోయింది.

"అద్దంలా ఉంచావమ్మా! ఈ ఇంట్లో చిన్నపిల్ల తిరిగిందంటే ఎవరన్నా నమ్ముతారా?"

తాళంచెవి ఇవ్వబోయిన భార్య ఆగిపోయింది. గోడ దగ్గరకు నడిచింది. కొలత అక్కర్లేదు, పాప తల నిమిరే ఎత్తు ఆమె చేతికి తెలుసు. అక్కడ తాళంచెవి మొనతో లోతుగా ఒక గీత గీసింది.

"ఇప్పుడు నమ్ముతారు, పిన్నిగారూ," అంటూ తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టింది.