వార్డులో వాకబు

కాబోయే అల్లుడు ఆస్పత్రిలో చేరాడన్న కబురు వినగానే కళ్లజోళ్ల షాపాయన అన్నం ముందునుంచి లేచిపోయాడు.

ఒక్కగానొక్క కూతురు. వచ్చే వారమే నిశ్చితార్థం.

"రోగం ఏమిటో ఆ అబ్బాయినే అడగొచ్చుగా?" అంది భార్య.

"అడిగితే చెబుతాడా? తన పెరుగు పుల్లగా ఉందని ఎవడైనా అంటాడా? గుట్టుగా వాకబు చెయ్యాలి."

మర్నాడే ఆపిల్ పళ్ల సంచితో వార్డుకు వెళ్లాడు. పెళ్లికొడుకు తండ్రి టీ తాగడానికి కిందికి దిగేదాకా మెట్ల పక్కన నక్కి, ఆ తర్వాత నర్సు బల్ల దగ్గరికి చేరాడు.

"ఆ కిటికీ పక్క మంచం అబ్బాయికి నేను మేనమామనమ్మా. జబ్బేమిటి?"

"మేనమామైనా మేనత్తైనా ఆయన చెప్పమంటేనే చెబుతామండి. పదండి, మీ ఎదురుగానే అడుగుతాను."

మేనమామగారు పళ్ల సంచి అక్కడే వదిలేసి మాయమయ్యాడు.

వెయ్యి అబద్ధాలాడి అయినా ఒక పెళ్లి చెయ్యమన్నారు. ఇంకా ఒకటే అయింది కదా అని సాయంత్రం గొంతు మార్చి ఫోన్ చేశాడు.

"నేను పెద్ద డాక్టర్ని మాట్లాడుతున్నా."

"ఏం డాక్టరండీ?"

"అంటే... అన్ని రకాల డాక్టర్ని."

"అలాగా! మీ పళ్ల సంచి ఇక్కడే మర్చిపోయారండీ, వచ్చి తీసుకెళ్లండి."

ఫోన్ ఠక్కున పెట్టేశాడు.

ఆడవాళ్లు ఆడవాళ్లు ఒకటని మూడోరోజు భార్యను పంపాడు. ఆవిడ వెళ్లి చాలాసేపు కూర్చుని, కళ్లు తుడుచుకుంటూ తిరిగొచ్చింది.

"ఏం చెప్పింది?" అన్నాడు ఆత్రంగా.

"అబ్బాయి సంగతి ఒక్క ముక్క చెప్పలేదు. కానీ మనిషి బంగారమండీ."

"నిన్ను పంపింది ఆవిడకు సర్టిఫికెట్ ఇవ్వడానికా?"

భార్య ఇంకేదో అనబోయి ఊరుకుంది.

ఇక లాభం లేదని నాలుగోరోజు తనే మళ్లీ వెళ్లి, బంగారు రంగు ఫ్రేము ఒకటి నర్సు బల్ల మీద పెట్టాడు.

"మా షాపులో ఖరీదైన సరుకమ్మా. ఉంచుకో. ఆ జబ్బు పేరు ఒక్కటి నా చెవిలో వెయ్యి."

"నా చూపు బాగానే ఉందండి." ఫ్రేమును ఆయన వైపే జరిపింది. "చెబితే నా ఉద్యోగం పోతుంది, కేసు కూడా పడుతుంది. అవేవీ లేకపోయినా చెప్పను. మమ్మల్ని నమ్మి ఒళ్లు అప్పగించిన మనిషి గుట్టు అది."

చుట్టుపక్కల మంచాలవాళ్లందరూ తలలెత్తి చూశారు. ఆయనకు తల కొట్టేసినట్టయింది. తిన్నగా సూపరింటెండెంటు గదికి వెళ్లి, నర్సుకు పొగరెక్కువని, పెద్దవాళ్లను లెక్కచెయ్యదని, తనను అందరిముందూ తిట్టిందని ఒకటికి నాలుగు కల్పించి ఫిర్యాదు చేశాడు. ఇంట్లో మాత్రం ఈ సంగతి చెప్పలేదు.

రెండు రోజులకు పెళ్లికొడుకే నవ్వుకుంటూ ఇంటికొచ్చాడు.

"అపెండిక్స్ ఆపరేషన్ అండీ మామయ్యగారూ. పక్క మంచాలవాళ్లు అంతా చెప్పారు లెండి. నన్నడిగితే చెప్పేవాణ్ణిగా!" అని చొక్కా ఎత్తి కుట్లు కూడా చూపించబోయాడు. పెళ్లికూతురు సిగ్గుపడి లోపలికి పారిపోయింది.

నిశ్చితార్థం వైభవంగా జరిగింది. తాంబూలాలయ్యాక కాబోయే వియ్యంకుడు పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మీ దగ్గర దాపరికమెందుకు బావగారూ, మేమూ మీ గురించి వాకబు చేశాం. ఆ మధ్య ఓ నెల్లాళ్లు మీరు ఊళ్లో కనబడలేదనీ, మావాణ్ణి చేర్పించిన ఆస్పత్రిలోనే ఉన్నారనీ ఎవరో చెవినేశారు."

కళ్లజోళ్లాయన గ్లాసు కింద పెట్టేశాడు. ఆ నెల్లాళ్లూ సరుకు కొనడానికి పైఊరు వెళ్లానని లోకానికంతా చెప్పుకున్నాడు. నిజానికి ఉన్నది ఆ ఆస్పత్రిలోనే, తాగుడు మాన్పించే వార్డులో. భార్యకు తప్ప నరమానవుడికి తెలియని సంగతి అది. ఇప్పుడది బయటపడితే కూతురి పెళ్లి పెటాకులే.

"మావాడున్న వార్డులో నర్సునే అడిగాను. అడిగానా! నాలుగు రోజులు బతిమాలాను, బెదిరించాను. 'ఇక్కడికి ఎవరొచ్చారో, ఎవరు రాలేదో చెప్పడం మా పని కాదండి' అని ఒకటే మాట. చివరికి నాకే సిగ్గేసి ఊరుకున్నాను. ఇంతకీ పుకారే కదండీ?"

"పుకారే, పుకారే!" అని ఆయన పకపకా నవ్వాడు.

తెల్లారగానే స్వీటు పొట్లం పట్టుకుని ఆస్పత్రికి పరుగెత్తాడు. నర్సు బల్ల దగ్గర ఎవరో కొత్త అమ్మాయి కూర్చుని ఉంది.

"ఆవిడ మీద ఎవరో పెద్దమనిషి ఫిర్యాదు చేశాడండి. సంజాయిషీ అడిగితే ఉద్యోగమే వదిలేసి ఊరొదిలి వెళ్లిపోయింది."

"ఏ ఊరు? ఫోన్ నంబరైనా ఇవ్వమ్మా."

"మావాళ్ల వివరాలు బయటివాళ్లకు చెప్పకూడదండి. ఇంతకీ మీరెవరు?"

ఆయనకు ఈసారి ఏ అబద్ధమూ నోటికి రాలేదు.

ఇంటికొచ్చి భార్య ముందు కూలబడ్డాడు. ఫిర్యాదుతో సహా ఉన్నదంతా కక్కేశాడు.

"మన పరువు కాపాడిన మనిషి పొట్ట కొట్టానే!" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

భార్య కొంగుతో మొహం తుడుచుకుని మెల్లిగా అంది.

"'ఆయనకు నేను గుర్తులేను, గుర్తుచేసి సిగ్గుపరచొద్దు' అని నేను వెళ్లినరోజే ఆ నర్సు నా చేత ఒట్టు వేయించుకుందండీ. అప్పట్లో ఆ తాగుడు మాన్పించే వార్డులో మీరు నన్ను కూడా పోల్చుకోలేని మైకంలో ఉన్నప్పుడు, రాత్రిళ్లు వణికే మీ చేతులు పట్టుకుని కూర్చున్న నర్సు ఆవిడే."