తమ్ముడి వాటా

రఘునాథపల్లిలో రాత్రిపూట హద్దురాళ్ళు జరపడం దామోదర్ వంశానికి పరంపరాగత విద్య. ఆ మహావిద్యను ప్రదర్శించడానికి పొలం మిగలలేదు గనుక అతడు లాప్‌టాప్‌ను కటాక్షించాడు. లినక్స్ ఎక్కించిన ఆ యంత్రంలోని డిస్కును అన్నదమ్ములు చెరిసగం విభజించుకున్నారు. తమ్ముడు శ్రీపాల్ పోయి ఏడాదైంది. అన్న వాటా ఎన్నికల వీడియోలతో నిండిపోయింది. తెర మీద రెండు వాటాల మధ్యనున్న హద్దు గీతను తమ్ముడి వైపు జరపడానికి దామోదర్ ఒక రాత్రి కూర్చున్నాడు.

"బావా, ఆయన వాటల ఆయన గొంతు రికార్డులున్నయి. ఇంకోదాంట్లకు ఎక్కించినంక జరుపు," అన్నది శ్రీపాల్ భార్య పుష్ప.

"గీత జరిపితె గొంతు ఏడికి పోతది? నువ్వు పోయి పండుకో."

వాటా తెరిచి ఉంటే గీత కదలదు. అందుకని అతడు తమ్ముడి వాటాను మూసి గీతను లోపలికి నెట్టాడు. యంత్రం ఒప్పుకోలేదు. ఆ వాటా వాడుకలో ఉందట. మళ్ళీ మూశాడు. మళ్ళీ అదే జవాబు. విసుగొచ్చి బలవంతంగా నెట్టాడు.

మీటల సందుల్లోంచి కుళ్ళిన బురద వాసన వచ్చింది. వేళ్ళు జిగటగా అంటుకున్నాయి. లుంగీకి తుడుచుకుని చూస్తే గోళ్ళ కింద నల్లటి మట్టి, అందులో కదులుతున్న తెల్లటి పురుగు.

తెర మీద గీత జరిగింది, అతడి వాటాలోకి. మీటల మీద చెయ్యి లేకపోయినా ఆగలేదు.

పక్కనుంచి శ్రీపాల్ గొంతు నింపాదిగా అడిగింది.

"అన్నా, ఇంకింత జరుగు."