ఆగని పంపు

నాకు అన్నిటికంటే భయం, వెనక సీట్లో పాప ఉండగా మా పాత కారు చీకట్లో ఆగిపోవడం. తాళం తిప్పగానే ట్యాంకులోని పెట్రోలు పంపు రెండు క్షణాలు గుయ్యిమనాలి. ఒక్కోసారి అనదు. అనకపోతే బండి కదలదు.

మా ఆయన దృష్టిలో మెకానిక్కులందరూ వెధవలే. అందుకని రెండు రోజులుగా తనే వైర్లు పీకుతున్నాడు. ఏది ఎక్కడిదో ఇప్పుడు ఆయనకే తెలీదు. ఈ రాత్రి బ్యాటరీ ఊడదీసి తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టాడు. అప్పుడే షెడ్డులో కారు పంపు గుయ్యిమంది. ఆగలేదు.

"బ్యాటరీ ఇక్కడుంటే అదెలా మోగుతుందండీ?" అన్నాను.

"ఏడో తరగతి చదువుకి ఇవన్నీ ఎందుకే? ఎక్కడో కాస్త కరెంటు మిగిలుంటుంది," అంటూ టార్చి పట్టుకుని వెళ్ళాడు. మహా మేధావి!

గంటయింది. పంపు మోగుతూనే ఉంది. పిలిస్తే పలకడు. ఇందాక కారు ముందు తలుపులు రెండూ ఒకేసారి మూసుకున్న చప్పుడైంది. వెళ్ళింది మాత్రం ఆయనొక్కడే.

నిద్రపోతున్న పాపని వదిలి నేను కదలలేను. ఈ చీటీ రాసి కిటికీలోంచి వీధిలోకి వేస్తున్నాను. దొరికినవాళ్ళు షెడ్డులోకి వెళ్ళి మా ఆయన్ని ఒక్కసారి చూడండి. మీ మీద కసురుకున్నాడా, అదే పదివేలు.