ఇంకో గ్లాసు నీళ్లు

"పెళ్లి మాట వచ్చింది. ఇప్పుడేం చేస్తారు?" అంది కౌన్సెలర్.

"గ్లాసు నీళ్లు తాగుతాను," అంది టైలరమ్మ.

"జీతం మాట?"

"ఇంకో గ్లాసు."

"'ఇంత లావైపోయావేంటి' అన్న మాట?"

టైలరమ్మ మెడలో టేపును రెండు చేతులతో మెలిపెట్టింది. కొట్టు మూసి హడావిడిగా రావడంలో దాన్ని తీయడం మరిచిపోయింది.

"అదొక్కటీ నా వల్ల కాదు మేడమ్. పోయినసారి అక్కడే చెడింది. ఏడుపులు, తలుపులు దబాదబా వేసుకోవడాలు, రెండోరోజుకే సగంమంది పెట్టెలు సర్దుకోవడాలు! ఈసారీ అలాగే అయితే వచ్చే ఏడాది ప్రయాణమే ఉండదని అన్నయ్య తేల్చి చెప్పేశాడు."

ఏడాదికోసారి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, వాళ్ల పిల్లలు, మొత్తం పదకొండు మంది సముద్రం పక్కన ఇల్లు అద్దెకు తీసుకుని నాలుగు రోజులు గడుపుతారు. జనమంతా సెలవుల కోసం వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంటారు. టైలరమ్మా లెక్కపెట్టుకుంటుంది, కాకపోతే గుండెదడతో. ప్రయాణం దగ్గరపడేకొద్దీ ఆమె కుట్లు వంకర్లు పోతాయి. ఒక పెద్దమనిషి కోటుకి రెండు చేతులూ ఒకే వైపు కుట్టేసిన రోజున, ఇక లాభం లేదని కౌన్సెలర్ గుమ్మం తొక్కింది. అంత దడ పెట్టుకుని వెళ్లడం దేనికంటే, వాళ్లంటే ఆమెకు ప్రాణం. అదే వచ్చిన చిక్కు.

"ఆ మాట వస్తే బాల్కనీలోకి వెళ్లిపోండి. మొక్కలు లెక్కపెట్టుకుని, నవ్వుతూ తిరిగిరండి," అంది కౌన్సెలర్. "ఇప్పుడు బాగానే చేస్తున్నారు కదా!"

"ఇల్లు అలకగానే పండగ కాదు కదా మేడమ్," అని నిట్టూర్చింది టైలరమ్మ.

మొదటిరోజే మేనకోడలు కొత్త ఉద్యోగం కబుర్లతో వచ్చి పక్కన కూలబడింది. టైలరమ్మ గటగటా రెండు గ్లాసులు తాగింది.

రెండోరోజు అందరూ ఈత బట్టలు వేసుకుని సముద్రానికి బయల్దేరారు. టైలరమ్మ ఒక్క ఉదుటున బాల్కనీలోకి పరిగెత్తింది. మొక్కలు ఆరే ఉన్నాయి. దడ తగ్గకపోవడంతో ఆకులు కూడా లెక్కపెట్టింది. నూటపద్నాలుగు.

మూడోరోజు భోజనాల వేళకు మేనల్లుడు ఎవరో అమ్మాయిని వెంటబెట్టుకొచ్చి, "నా ఫ్రెండ్," అన్నాడు.

చెంచాలన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. అందరి కళ్లూ టైలరమ్మ మీదికి తిరిగాయి. పెళ్లి మాట ఇక ఏ క్షణానైనా ఊడిపడేలా ఉంది. ఆమె ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చుని గ్లాసు ఎత్తింది, దించింది, మళ్లీ నింపుకుంది. జగ్గు ఖాళీ అయ్యాక చెవుల దాకా నవ్వి, "కూర బాగా కుదిరింది," అంది.

నాలుగోరోజు తెల్లారింది. ఎవరూ ఏడవలేదు. ఏ తలుపూ దబాలుమనలేదు. టైలరమ్మ బాత్రూములో దూరి కౌన్సెలర్‌కి ఫోన్ చేసింది.

"మేడమ్, గట్టెక్కేశాను!" అంటుంటే సంతోషంతో కళ్లు నిండాయి.

"చెప్పానా! ఇక వాళ్లంతా వచ్చే ఏడాది మీకోసం ఎదురుచూస్తారు చూడండి," అంది కౌన్సెలర్.

కళ్లు తుడుచుకుని బయటికి వచ్చేసరికి పదిమందీ గుమ్మం దగ్గర గుంపుగా నిలబడి గుసగుసలాడుకుంటున్నారు. ఆమెను చూడగానే గప్‌చుప్ అయిపోయారు.

"నువ్వడుగు," అంటూ అన్నయ్య తన కూతుర్ని ముందుకు తోశాడు. ఆ పిల్ల బెరుకుబెరుగ్గా వచ్చి టైలరమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

"అత్తయ్యా, ఈసారి నువ్వు ఎవర్నీ ఏమీ అడగలేదు, ఒంట్లో బాగానే ఉందా?"