చుట్టుతొవ్వ

"ఉపగ్రహం పైకి పోయిందట. ఆడికెల్లి చూస్తే భూమ్మీద ఏమున్నా కనవడ్తదట," అన్నాడు సారంగపాణి, పేపరు మడుస్తూ.

"నాకొకటి తెచ్చియ్యరా," అన్నాడు వెంకట్రాజం. "మా కట్టయ్య ఏ గల్లీల తిరుగుతాండో చూస్త."

భర్త వెంకట్రాజానికి అన్నం గిన్నె ఇవ్వడానికి వచ్చిన కమల దుకాణం మెట్టు మీద ఆగింది. "అందరియి అన్నీ కనవడితె మనిషి బతుకుతడా?" అంది.

ముగ్గురూ నవ్వారు. లోపల బస్తాలు సర్దుతున్న కట్టయ్య నవ్వలేదు.

మట్టెవాడలో ఫోనున్న కిరాణా దుకాణం వెంకట్రాజానిదొక్కటే. ఫోను చేస్తే సరుకు ఇంటికే వస్తుందని బోర్డు రాయించాడు. ఏ ఇంటి తరువాత ఏ ఇల్లు, ఎటు మళ్లితే దగ్గర అని మిద్దె ఎక్కి చూసి, చిన్ననాటి దోస్తు సారంగపాణిని పక్కన పెట్టుకుని, గల్లీలన్నిటినీ వెనక గోడ మీద బొగ్గుతో గీశాడు. గీతలన్నీ పోయి పోయి సారంగపాణి ఇంటి ముందు గల్లీలోనే కలిశాయి. అటు దూరితే సగం ఊరు దగ్గరవుతుంది.

సరుకు ఇళ్లకు చేర్చే కట్టయ్య మాత్రం అటు పోడు. సైకిలుకు సంచులు తగిలించుకుని చౌరస్తా అంతా చుట్టి పోతాడు. "పప్పు ఏదయ్యా, పొయ్యి మీద ఎసరు మరుగుతాంది" అని ఫోను మోగుతూనే ఉంటుంది.

వెంకట్రాజానికి మొదట కోపం వచ్చింది. తరువాత వచ్చింది కోపం కాదు. చౌరస్తాలో కొత్తగా పెద్ద దుకాణం తెరిచారు. కట్టయ్య వాళ్ల సరుకు కూడా మోస్తున్నాడేమో. ఆ ఆలోచన పంటి సందున ఇరుక్కున్న పీచులా ఉండిపోయింది. నాలుక ఊరికే అక్కడికే పోతుంది. చిన్నప్పుడు తనను భుజాన మోసిన మనిషి. సైకిలు నేర్పిన మనిషి. నాన్న పోయిన రోజు తనకంటే ముందు ఏడ్చిన మనిషి. ఈమధ్య కమల అన్నం పెడితే వద్దంటున్నాడు. ఆమె వస్తే బస్తాల చాటుకు పోతున్నాడు. తప్పు చేస్తున్నవాడు అన్నం పెట్టే చేతిని ఎట్లా చూడగలడు అనుకున్నాడు వెంకట్రాజం.

"కట్టయ్య పెద్దమనిషి. ఏ తొవ్వన పోతే ఏంది, పోనియ్యుండ్రి," అంది కమల, ఎప్పటిలాగే.

"నేను గూడ గదే చెప్తాన," అన్నాడు సారంగపాణి.

కమల కుట్టుమిషను నేర్చుకోవడానికి రోజూ హన్మకొండ పోతుంది. మెట్టు దిగబోతూ తన చెప్పుల వంక చూసి మొహం చిట్లించింది. తెగిన జతను పొద్దున్నే వెంకట్రాజం కుట్టించుకొచ్చాడు. నల్లదారం అయిపోయిందని ఎర్రదారంతో కుట్టి ఇచ్చారు.

"నల్లచెప్పులకు ఎర్రదారమా? నలుగురు చూస్తె నవ్వరా?"

"నీ కాళ్ల దిక్కు ఎవలు చూస్తరు," అన్నాడు వెంకట్రాజం.

ఆమె బస్సుకు వెళ్లింది. ఎండ ముదురుతోందని కాసేపటికి సారంగపాణి కూడా లేచి ఇంటికి పోయాడు.

కట్టయ్య సైకిలుకు సంచులు తగిలిస్తుంటే వెంకట్రాజం బయటికి వచ్చాడు.

"ఇయ్యాల సారంగపాణి గల్లీల నుంచి పో."

"ఆ గల్లీల మోరీ తవ్విండ్రు సేటూ. సైకిలు పోదు."

"మొన్న కుక్కలున్నయన్నవు."

కట్టయ్య హ్యాండిలు వంక చూశాడు. "కుక్కలు గూడ ఉన్నయి."

చక్కెర కొంటున్న ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. వెంకట్రాజంలో ఏదో తెగింది.

"చౌరస్తోళ్ల సరుకు మోస్తానవా?"

"ఎవని సంచీ ముట్టలె సేటూ."

"మరెందుకు చుట్టు తిరుగుతానవు? చెప్పు."

కట్టయ్య నోరు తెరిచాడు. మళ్లీ మూశాడు.

ఆ మౌనం వెంకట్రాజానికి ఒప్పుకోలులాగే వినిపించింది. నొప్పి కలిగింది. నొప్పి అడుగున కాస్త రుచి కూడా తగిలింది. తన అనుమానం వట్టిది కాదన్నమాట.

"సైకిలు ఆడ పెట్టు. రేపటిసంది రాకు."

"రాను. ఇయ్యాల్టి సరుకు మాత్రం నేనే ఏసి పోత. జర నా మాట ఇను సేటూ." ముసలాయన హ్యాండిలు గట్టిగా పట్టుకున్నాడు. "ఈ ఎండల నువ్వెందుకు?"

"నా ఫికర్ నీకెందుకు?"

వెంకట్రాజం సైకిలు లాక్కున్నాడు. కట్టయ్య చేతులు వెంటనే వదల్లేదు. సైకిలు నేర్పే రోజుల్లో కూడా అంతే, పడతాడేమోనని సీటు వదిలేవాడు కాదు.

గల్లీ మొదట్లో వెంకట్రాజం దిగి చూశాడు. మోరీకాలువ ఎవరూ తవ్వలేదు. షాబాదు బండలు నున్నగా పరుచుకుని ఉన్నాయి. గోడ నీడన ఒక మేక పడుకుని నెమరేస్తోంది. కుక్క జాడ లేదు.

అయితే అబద్ధమే. గెలిచానన్న మాట మనసులోకి వచ్చింది గానీ గొంతు దిగలేదు. ఇన్నేళ్లు నమ్మినవాడు మోసం చేశాక మిగిలేది ఇంత ఖాళీయా అనిపించింది ఆ నిర్మానుష్యపు గల్లీలో. ఎవరితోనైనా చెప్పుకోవాలి. చెప్పుకోవడానికి తనకున్నదే ఇద్దరు. కమల హన్మకొండలో ఉంది. సారంగపాణి ఇల్లు ఇదిగో, ఎదురుగానే.

సైకిలు గోడకు ఆనించాడు. మెట్లెక్కి, మూసి ఉన్న తలుపు గొలుసు అందుకోబోయాడు.

గడప పక్కన, సారంగపాణి తోలుచెప్పుల మీదికి ఒరిగి, ఎర్రదారంతో కుట్టిన నల్లచెప్పుల జత ఉంది.