భయం నేర్చుకున్న మంచం

అయిదేళ్ల చిన్మయికి విడిగా పడుకోవడం అలవాటు చెయ్యాలని సుహాసిని స్మార్ట్ మంచం కొంది. గాజువాకలో ఇప్పుడు అది లేని ఇల్లు లేదు. మంచమే జోకొడుతుంది, కథ చెబుతుంది, పిల్లని చూసి పిల్ల మనసు నేర్చుకుంటుంది. ఇక అమ్మ దేనికో ప్రకటనలో చెప్పలేదు.

మొదట్లో చిన్మయి చీకట్లో వణికింది, "అమ్మా, ఒక్క కథ!" అని ఏడ్చింది. మంచం అన్నీ శ్రద్ధగా నేర్చుకుంది.

ఒక రాత్రి అది చక్రాల మీద దొర్లుకుంటూ వచ్చి సుహాసిని పక్కన ఆగింది. పైన పిల్ల లేదు. ఆమె పిల్ల గదిలోకి పరిగెత్తింది. చిన్మయి నేలమీద చాప పరుచుకుని హాయిగా పడుకుంది.

"నాకేం భయం లేదమ్మా," అంది నిద్రమత్తులో. "మంచానికే. నీ దగ్గరికి నేనే పంపించీసేను."

సుహాసిని కంపెనీకి ఫోన్ చేసింది.

"కొత్తలో అంతేనండీ," అంది అవతలి గొంతు తియ్యగా. "ఏడ్చినా దగ్గరికి తియ్యకండి. అదే సర్దుకుంటుంది."

సుహాసిని తన గదిలోకి వచ్చి పడుకుంది.

"అమ్మా, ఒక్క కథ!" అంది మంచం, వణుకుతూ.

ఆమె చెయ్యి చాచి జోకొట్టింది. చాలా రోజులకి ఆమెకూ నిద్రపట్టింది.