పందొమ్మిది నంబరు స్పానర్

"ఆ బండి సైనుకున్న ఆయిలు తుడిసీ బాబూ."

సునీల్ తలెత్తి చూశాడు. యాభై దాటిన మనిషి. నెరిసిన గడ్డం, నడుముకి తువ్వాలు, పక్కన పాత బండి.

"ఏటి?"

"ఇసకలో పరిగెట్టాల. ఆయిలుంటే ఇసకంతా సైనుకే అంటుకుంటాది."

"ఆయిలు తుడిసీసి నా బండి నెమ్మదైపోతే, నువ్వు గెలుద్దామనేటి మావా?"

చుట్టూ ఉన్న కుర్రాళ్లు నవ్వారు. ఆయన కూడా కొంచెం నవ్వి తన చైను పొడిగుడ్డతో తుడుచుకున్నాడు.

భావనపాడు ఒడ్డు. రెండువేల మూడు, మార్చి నెల. టెక్కలి షోరూం వాళ్లు చుట్టుపక్కల మెకానిక్కులకి బైకు పందెం పెట్టారు. తడి ఇసక మీద మూడు కిలోమీటర్లు పోయి, జెండా చుట్టి రావాలి. గెలిచినవాడికి షోరూంలో ఉద్యోగం.

సునీల్ కవిటిలో రోడ్డు పక్కన పంచర్లు వేస్తాడు. "నెలజీతం ఉన్ననాడు రా, మాటాడుకుందాం" అన్నాడు అతను పెళ్లాడాలనుకున్న ప్రియ తండ్రి. ప్రియని చూడటానికి వేరే వాళ్లు వచ్చే వారమే వస్తున్నారు.

"ఏ ఊరు మావా?"

"నందిగాం."

"పనేటి?"

"నీ పనే. బళ్లు బాగుసేత్తాను."

"ఎక్కడ?"

ఆయన సముద్రం వైపు చూశాడు. "ఇయాల్టిదాకా టెక్కల్లోనే."

"మనవల్నాడించుకోక ఈ వయసులో నీకెందుకిది?"

"అవసరం బాబూ."

షోరూం యజమాని జగన్నాథరావు మైకు అందుకున్నాడు. "ఎవడి బండి వాడే బాగుచేసుకోవాలి. పరాయి చెయ్యి పడిందా, ఔటు. పక్కోడి బండిని గుద్దినా ఔటే."

బరువు తగ్గుతుందని సునీల్ పనిముట్ల సంచి ఒడ్డునే వదిలేశాడు.

ఏడు బళ్లు బయల్దేరాయి. రెండు మెత్తటి ఇసకలో కూరుకుపోయాయి. మూడింటి ఇంజన్లు ఉప్పునీళ్లు తాగి ఆగిపోయాయి. జెండా దాకా వచ్చింది ఇద్దరే. ముందు సునీల్, వెనక ఆ పెద్దాయన.

జెండా చుట్టూ తిరుగుతుంటే సునీల్ బండి కర్రుమంది. ఇసక పట్టిన చైను జారి ఇరుక్కుంది. బండితో పాటు సునీల్ కూడా పడ్డాడు.

పెద్దాయన బండి పక్కనుంచి దూసుకుపోయింది.

పది గజాలు పోయి ఆగింది.

ఆయన నడిచి వెనక్కొచ్చాడు. "బండి లేపి పట్టుకో."

తువ్వాల్లోంచి స్పానర్ తీశాడు. పందొమ్మిది నంబరు. పిడి మీద ఆకుపచ్చ గీత. వెనక చక్రం నట్టు వదులు చేసి, చైను ఎక్కించి, మళ్లీ బిగించాడు. సునీల్ బండి పట్టుకుని నిలబడ్డాడు, అంతే.

"నువ్వెలిపోతే గెలిసీవోడివి కదా?"

"సైను పడిపోయిన బండిని సూసి ఎలాగెలిపోతాను? సెయ్యి ఊరుకోదు." స్పానర్ సునీల్ చేతికిచ్చాడు. "దారిలో మల్లీ పడితే కావాల. ఉంచు, ఒడ్డు కాడ ఇద్దువు. నాను బండెక్కి సెయ్యెత్తుతాను, ఇద్దరం ఒక్కపాలే బయల్దేరదాం."

సునీల్ తలూపాడు. స్పానర్ జేబులో పెట్టుకున్నాడు.

ఆయన తన బండి దాకా నడుస్తుండగానే సునీల్ గేరు వేశాడు.

సునీల్ బయల్దేరిన చోటికి చేరేసరికి ఆయన నాలుగు బళ్ల దూరం వెనకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. జగన్నాథరావు మాత్రం మెడలోని బైనాక్యులర్స్ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"జెండా దగ్గర రెండు బళ్లూ ఎందుకాగాయి?"

నిజం చెబితే ఔటు.

"ఈయన నా బండిని గుద్దీసినాడు సార్. సైను పడిపోనాది. నానే ఎక్కించుకున్నాను."

అతని చేతులకి మరక కూడా లేదు. పెద్దాయన చేతులు మణికట్టు దాకా నల్లగా ఉన్నాయి.

జగన్నాథరావు ఆయన వైపు తిరిగాడు. "ఏం ఢిల్లేశ్వరరావు, నిజమేనా?"

ఆయన సునీల్‌ని కాసేపు చూశాడు. చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు.

"తగిలినట్టుంది బాబూ. సూసుకోలేదు."

కుర్రాళ్లు సునీల్‌ని భుజాల మీదకెత్తారు. దిగి వెతికేసరికి ఆయన లేడు.

సోమవారం పొద్దున్న సునీల్ టెక్కలి వెళ్లాడు. స్పానర్ జేబులోనే ఉంది. ముందు ఉద్యోగంలో చేరాలి, ఆ తర్వాత ఆయన ఇల్లెక్కడో కనుక్కుని నందిగాం వెళ్లాలి, కాళ్ల మీద పడాలి. రెండు రోజులుగా తనకి తాను అదే చెప్పుకుంటున్నాడు.

జగన్నాథరావు అతన్ని వెనక షెడ్డులోకి తీసుకెళ్లాడు. గోడకి ఒక చెక్క. చెక్క మీద ఒక్కో స్పానర్ ఆకారం రంగుతో గీసి ఉంది. ఆకారం మీద మేకు, మేకుకి స్పానర్.

"తీసింది తీసినచోటే పెట్టాలి. పాతాయన పెట్టిన పద్ధతి ఇది. పదకొండేళ్లు చేశాడు."

"మానేసినాడా సార్?"

"నేనే మాన్పించాను. ఈమధ్య చెయ్యి నెమ్మదించింది. కుర్రాళ్లతో పాటు పందెంలో దిగు, గెలిస్తే ఉంచుతానన్నాను. గెలవలేదు సరికదా..." జగన్నాథరావు మాట మధ్యలో ఆపి చెక్క వైపు చూపించాడు. "నిన్న వచ్చి అన్నీ అప్పజెప్పాడు, ఒక్కటి తప్ప. ఏదయ్యా అంటే, ఎక్కడో పారేసుకున్నాను బాబూ అన్నాడు. పదకొండేళ్లు నమ్మితే, పోతూ పోతూ దొంగబుద్ధి చూపించాడు."

మేకులకున్న స్పానర్లన్నిటి పిడి మీదా ఆకుపచ్చ గీత ఉంది.

సునీల్ చెయ్యి జేబులోకి వెళ్లింది కానీ బయటికి రాలేదు. చెక్క మీద ఖాళీగా ఉన్న ఆ ఒక్క ఆకారం కింద పందొమ్మిది అని రాసి ఉంది.